ముందుగా వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళు

2025 ఆగస్టు 19, మంగళవారం. ఉప్పాడలో తెల్లవారినప్పటినుంచీ ముసురు. సముద్రం పోటు మీదుంది, వేటకి ఒక్క పడవా కదల్లేదు. సత్యకుమారి గంజి దించి, తొమ్మిది రోజుల జ్వరం తర్వాత లేచి కూర్చున్న చిన్నకొడుకు చినబాబుని చూసింది. జుట్టు నెరిసింది, చెంపలు జారాయి. పడుకున్నప్పుడు వాడికి ఇరవై నాలుగు.

ఆవిడ కొంగు సర్దుకుంది. "గంజి తాగండి," అంది.

పెద్దకొడుకు లోకనాథ్ చేతిలో గిన్నె జారిపోయింది. అదే జ్వరం అతనికీ వచ్చింది. మూడు రోజులు వణికించి, ఏమీ పట్టుకుపోకుండా పోయింది.

కాకినాడ డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించారు. "జన్యువుల మీద వయసు గుర్తులుంటాయండి. ముందుముందు పడాల్సినవి ఈ వైరస్ ఇప్పుడే వేసేసింది. మీవాడికి యాభై రెండు. కొన్ని చెరిగిపోవచ్చు, గట్టిగా చెప్పలేం."

"మరి నాకెందుకు పడలేదండి?" అన్నాడు లోకనాథ్.

"అదే మాకూ తెలీదండి."

ఊళ్ళో ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. ఏటా ఒక వీధిని సముద్రం పట్టుకుపోయే చోట, నిన్న ఉన్నది ఇవాళ లేదంటే ఎవరు కారణం అడుగుతారు? ఆ బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కొత్తగా వేశారో చెప్పాలంటే అదో పెద్ద కథ, ఇప్పుడొద్దు. లోకనాథ్ భార్య వీరవేణి నిన్నటిదాకా మరిదిని ఆటపట్టించిన మనిషి. ఇవాళ "బావగారూ" అంటూ గుమ్మం పక్కకి తప్పుకుంది.

"ఏంటే, నువ్వు కూడానా?" అన్నాడు లోకనాథ్ భార్యతో.

"పెద్దాయన ఎదురుగా కూర్చోమంటావేంటి?"

చనిపోయిన తండ్రి నూకరాజుకి మిగిలిన ఆస్తి ఒక పడవ. ఆ ఇంట్లో పడవ పెద్దకొడుక్కే. కార్తీకంలో వచ్చే ఆయన సంవత్సరీకం నాడు పెద్దల ముందు చిన్నవాడు పడవ మీద చెయ్యేసి "అన్నయ్యా" అని పిలవాలి. అలా పిలిపించుకున్నవాడిదే పడవ. అంతే, కాగితం లేదు. ఊరి లెక్కలో ఇప్పుడు చిన్నవాడు లోకనాథే. లోకనాథ్ ఆ మాట అననని తేల్చుకున్నాడు. కార్తీకందాకా తమ్ముణ్ణి ఏ వరసా పెట్టి పిలవలేదు. రోజూ వాడి తలే చూశాడు. ఒక్క వెంట్రుకా నల్లబడలేదు.

సంవత్సరీకం రోజు ఒడ్డున పెద్దలు కూర్చున్నారు. "ఏరా లోకనాథూ, నోట్లో బెల్లంగడ్డ ఉందేంట్రా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. లోకనాథ్ పడవ అంచు పట్టుకుని పళ్ళు బిగించాడు.

చినబాబు పడవ ఎక్కబోయాడు. జ్వరానికి ముందు ఒక్క గెంతులో ఎక్కేవాడు. ఇప్పుడు మోకాలు వణికింది, అల వచ్చి తోసింది.

"జాగ్రత్త అన్నయ్యా," అంటూ లోకనాథ్ రెండో చెయ్యి అతని చంక కింద వేశాడు.

తన నోటినుంచి వచ్చిన మాట విని కొయ్యబారిపోయాడు. పెద్దలు పంచెలు దులుపుకుని లేచారు.

చినబాబు అన్న వైపు తిరిగాడు. "అంత ముసలాణ్ణయిపోయానా?" అని మెల్లగా అడిగాడు.

పడవ చినబాబుకి వచ్చింది. పాత వల, ఆ పడవలోనే కూలివాటా లోకనాథ్‌కి. సత్యకుమారికి తనకన్నా మూడేళ్ళు పెద్దవాడైన కొడుకు మిగిలాడు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా ఎవరి వాటాకీ రాలేదు.