పిన్ని బల్ల గదిలోకి చేరిన వైనం

సామాన్లు మోసే పనిలో నాదొకటే చట్టం. బరువు చేతుల్లో ఉన్నంతసేపూ ఒక్క నోరే మాట్లాడాలి, ఆ నోరు నాది. ఎత్తు, వంచు, జరుపు, తిప్పు, ఆనించు, దించు. ఈ ఆరు మాటలతో ఇరవై ఏళ్లుగా ఎన్ని బీరువాల్ని ఎన్ని ఇరుకు గదుల్లోకి ఎక్కించానో నాకే గుర్తులేదు. మా బావమరిది పనిలో చేరిన మొదటి రోజే మధ్యలో నోరు తెరిచాడు. ఆ రోజు నేను పెట్టిన చీవాట్లకు, బరువు ఎత్తగానే వాడి నోటికి తాళం పడిపోతుంది. ఒకసారి ఫ్రిజ్ ఎక్కించేటప్పుడు ఇంటివాళ్లతో కబుర్లలో పడి "దించు" అనడం మరిచిపోయాను. పావుగంటసేపు దానికి భుజం ఆనించి అలాగే నిలబడ్డాడు మహానుభావుడు.

మొన్న మా పిన్ని కుట్టు దుకాణం ఎదురు వీధిలో మేడమీది గదికి మారింది. మిషన్లు, గుడ్డల మూటలు, నిలువుటద్దం గంటలో చేరిపోయాయి. మిగిలింది గుడ్డ కత్తిరించే బల్ల. ఆరున్నర అడుగుల పొడవు, కాళ్లు ఊడిరావు. నడుం నొప్పి మొదలయ్యాక, వంగే పని లేకుండా తన ఎత్తుకు కొలతలిచ్చి చేయించుకుంది. ఆ బల్ల లేకపోతే తన పని ముగిసినట్టేనని పిన్ని ముందే చెప్పింది.

బల్లను పక్కకు తిప్పి మెట్లెక్కించాం. ముందు కాళ్లు రెండూ గుమ్మం దాటాయి. అక్కడ ఇరుక్కుంది. నేనూ పిన్నీ గదిలో, బావమరిది బయట, మధ్యలో బల్ల. వంచమన్నాను, తిప్పమన్నాను, తోయమన్నాను. ఊహూ, అంగుళం కదల్లేదు.

"కాళ్లు కోసేద్దాం పిన్నీ. లోపలికి వచ్చాక మళ్ళీ అతికిస్తాలే" అన్నాను.

"అతికించిన కాలు ఊగుతుందిరా. బల్ల ఊగితే కత్తెర వంకర పోతుంది." అంతలోనే మళ్ళీ తనే, "సరే, కొయ్యి. కుట్టింది చాల్లే, ఇంట్లో కూర్చుంటాను" అంది.

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అనేసింది. నా ప్రాణం ఉసూరుమంది. అయినా వేరే దారి కనిపించక సంచిలోంచి రంపం తీశాను.

కాలి మీద ఒక్క గీటు గీశానో లేదో, పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"అవతలున్నవాణ్ణి ఒక్కమాట అడగరా, వాడికేం కనిపిస్తోందో."

"వాడికేం తెలుసు పిన్నీ?"

"అడుగు."

"చెప్పరా" అని అరిచాను, ఒళ్లు మండుతుంటే.

అవతలి నుంచి తాపీగా జవాబొచ్చింది. "వెనక కాలు మెట్ల రెయిలింగుకి తగులుతోంది బావా. దానికి నాలుగు బోల్టులే ఉన్నాయి. విప్పేస్తే బల్ల ఇటు తిరిగిపోతుంది."

"ఎప్పుడు చూశావ్?"

"మొదట తగిలినప్పుడే."

"మరి చెప్పి చావవేం?"

"బరువు చేతుల్లో ఉంది కదా బావా."

పిన్ని నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాణ్ణి బల్ల దించమని, స్పానర్‌ని బల్ల కాళ్ల సందులోంచి అటు జరిపాను. రెయిలింగు పది నిమిషాల్లో ఊడొచ్చింది. ఈసారి వాడు చెప్పాడు, నేను విన్నాను. "కొంచెం ఎత్తు బావా. ఇప్పుడు లాగు. మెల్లగా, తొందరేం లేదు." గోడకు గీత పడకుండా బల్ల మొత్తం లోపలికొచ్చింది. నేను కిటికీ పక్కన సర్దుతుంటే వాడు రెయిలింగు బిగించేశాడు.

పిన్ని వెంటనే బల్ల మీద గుడ్డ పరిచి, నిటారుగా నిలబడి కత్తెర వేసింది. గుడ్డ తిన్నగా తెగింది. ఆమె ముఖం చూస్తే నాకు సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. కాలి మీద రంపం గాటును వేలితో తడిమాను.

"అడక్కపోతే కోసేసేవాడివేగా" అంది పిన్ని తలెత్తకుండా.

"కోసేసేవాణ్ణే" అన్నాను.