ఉల్లిపాయల కత్తి

బుట్టలో ఇంకా సగం ఉల్లిపాయలు మిగిలుండగానే సిర్రే కత్తి మాయమైంది.

నూనె డబ్బా తేవడానికి గదిలోకి వెళ్ళి వచ్చింది, అంతే. పీట మీద ఉల్లిపాయలు ఉన్నాయి, పక్కన తొక్కలు ఉన్నాయి, కత్తి మాత్రం లేదు. బియ్యం బస్తా వెనకా, చేపల బేసిన్ కిందా చూసింది. పిల్లలు ఎత్తుకెళ్ళారేమోనని పెరట్లోకి వెళ్ళి కేకేసింది. ఐదు ఊళ్ళ జనానికి వంట. మూడు పెద్ద డేగిసాలు పొయ్యిల మీద ఎక్కి కూర్చున్నాయి.

ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డ మొగుడు యాంకుబా అదంతా చూసి నవ్వాడు. "ఊరు ఊరంతా కత్తి వదిలేసే రోజున నువ్వేంటే, కత్తి కోసం ఇల్లంతా తవ్వుతున్నావు?"

ఆ మాట తనకే బాగా నచ్చినట్టుంది. బయట టీ కాచుకుంటున్న స్నేహితులకి మళ్ళీ చెప్పాడు. వాళ్ళూ నవ్వారు. సిర్రే పక్కింటికి వెళ్ళి మొండి కత్తి ఒకటి అడిగి తెచ్చుకుని, కళ్ళు మండుతుంటే మిగతావి కోసింది.

ఆ కత్తికి ఒక చరిత్ర ఉంది. పోయిన వానల్లో దాని పిడి చీలిపోతే కొత్తది కొనమని అడిగింది. "చేతికి అలవాటైన కత్తి మారిస్తే కూర రుచి పోతుందే" అన్నాడు యాంకుబా. ఆ వారమే తనకు కొత్త చెప్పులు కొనుక్కున్నాడు. సిర్రే గాంబియా నది ఒడ్డున వల అల్లేవాళ్ళ దగ్గర నీలం దారం అడిగి తెచ్చి, పిడికి తనే పదకొండు చుట్లు చుట్టి ముడేసుకుంది. ఇంట్లో తన సొంతం అని చెప్పుకోదగ్గ వస్తువులు ఏ రెండో మూడో ఉంటే వాటిలో అదొకటి.

అయినా ఇవాళ ఆమెకు కోపం రాలేదు. మూడేళ్ళుగా ఈ రోజు కోసమే ఊళ్ళు తిరిగింది. ఆడపిల్లలకి మర్మాంగం కోయించే ఆచారం మానేయండని చెప్పడానికి పట్నం నుంచి హాడీ మేడమ్ జీపులో వచ్చేది. వెంట ఒక నర్సూ ఒక ఇమామూ ఉండేవారు. బొమ్మల అట్టలు కూడా తెచ్చేవారు. ఆడవాళ్ళు ఇళ్ళల్లోంచి బయటికి రావాలంటే ముందు సిర్రే పాట ఎత్తుకోవాలి. "నీ గొంతు చాలు సిర్రే, మాట్లాడే సంగతి మేం చూసుకుంటాం" అనేది హాడీ. ఒకసారి ఎవరో ముసలావిడ లేచి, దానివల్ల నష్టమేంటో చెప్పమని నిలదీస్తే, సిర్రే నోరు తెరిచింది. హాడీ చిరునవ్వుతో ఆమె మోచెయ్యి నొక్కి, తనే అట్ట చూపించి చెప్పింది. సిర్రే కథ సిర్రే కడుపులోనే ఉండిపోయింది. మూడేళ్ళకి ఆమెకు దక్కింది రెండు టీషర్టులు. ఇంటికొచ్చాక నీళ్ళు మోయడం, సజ్జలు దంచడం ఎలాగూ ఆమె కోసమే ఎదురుచూస్తూ ఉండేవి. "ఊళ్ళు తిరిగి పాడొచ్చిన మహారాణికి మాకింత అన్నం వండే ఓపికుందా?" అనేవాడు యాంకుబా.

ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. తన ఐదేళ్ళ కూతురు తిడా నుంచి వచ్చింది.

ఏడేళ్ళ వయసులో సిర్రేని దడి వెనక్కి తీసుకెళ్ళినప్పుడు బయట ఆడవాళ్ళు డప్పులు వాయించారు. ఏడుపు ఊళ్ళోకి వినబడకూడదని వాయించేవాళ్ళని పెద్దయ్యాక అర్థమైంది. ఆమె కాళ్ళు పట్టుకున్నది సొంత మేనత్త. కోసింది ఐదు ఊళ్ళకీ పేరున్న మంత్రసాని జారై. పదేళ్ళ తర్వాత ఆ జారై ఇంటికే కోడలిగా వచ్చింది. మొదటి కాన్పు రెండు రోజులు నడిచి, చనిపోయిన బిడ్డ పుట్టాడు. ఆ పాత గాటు చర్మం సాగలేదు తల్లీ, అందుకే ఇలా అయింది అని నర్సు చెప్పింది. ఆ రెండు రోజులూ జారై కోడలి పక్కనుంచి కదల్లేదు. వేడి నీళ్ళ గుడ్డతో నడుం కాచింది, తనతోపాటు ఏడ్చింది. అవీ ఆ చేతులే. సిర్రే ఆవిడని పూర్తిగా ద్వేషించలేకపోయింది, అదే ఆమెకు పెద్ద నరకం.

పోయిన నెల సభలో జారై లేచి, "సరే, అందరి ముందూ కత్తి వదిలేస్తా" అంటే జనం ఈలలు వేశారు. సిర్రే వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడవకే పిచ్చిదానా. పోయేది నా కత్తి, నీకెందుకు ఏడుపు?" అంది జారై. కాసేపాగి, "అది మా అమ్మ కత్తి, వాళ్ళమ్మది. అది లేకపోతే ఈ ఊళ్ళో నేనెవర్ని?" అని కూడా అంది. ఆ రెండో మాట సిర్రే అంతగా పట్టించుకోలేదు.

ఇవాళ పొద్దున తిడాకి స్నానం చేయిస్తుంటే నడుముకి కొత్త తెల్ల పూసలు కనబడ్డాయి. "మామ్మ కట్టింది. ఎల్లుండి మేం నది దాటి వాళ్ళక్క వాళ్ళింటికి వెళ్తాం. అక్కడ మేకపిల్లలున్నాయంట అమ్మా!" అంది పిల్ల. సిర్రే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దడి వెనక్కి వెళ్ళే ముందు తన నడుముకీ తెల్ల పూసలే కట్టారు. అంతలోనే తన్ను తనే తిట్టుకుంది. పండగ పూట పిల్లకి పూసలు కడితే దానిక్కూడా అనుమానమేనా?

మధ్యాహ్నం రచ్చ మీద షామియానా కింద చోటు లేదు. ముందు వరసలో జిల్లా అధికారి, ఇమామ్, రేడియోవాళ్ళు, ఊరి పెద్దలు, వాళ్ళ మధ్యలో యాంకుబా. సిర్రే పొగ వాసన కొడుతున్న బట్టలతోనే వచ్చి వేదిక పక్కన నిలబడింది. జారై తిడాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేరుశనగ పలుకులు ఒలిచి పిల్ల నోట్లో పెడుతోంది.

పేరు పిలిచారు. జారై లేచి ఎర్ర గుడ్డ మూట విప్పి, అందరికీ కనబడేలా కత్తిని పళ్ళెంలో పెట్టింది. జనం లేచి చప్పట్లు కొట్టారు.

పిడికి నీలం దారం. పదకొండు చుట్లు. చివర సిర్రే వేసిన ముడి.

కొన్ని క్షణాలు ఆమెకు చప్పట్లు వినబడలేదు. పళ్ళెంలో ఉన్నది తన కత్తి అయితే, అత్త కత్తి ఇంట్లోనే ఉంది. ఎల్లుండి అది నది దాటుతుంది, తెల్ల పూసలు కట్టుకున్న పిల్లతో కలిసి. సిర్రే అత్త వైపు చూసింది. జారై చూపు తిప్పుకోలేదు. నువ్వు అర్థం చేసుకుంటావులే అన్నట్టు, నెమ్మదిగా తల కూడా ఆడించింది.

ఫోటో కోసం హాడీ పళ్ళెం ఎత్తింది. ముక్కు చిట్లించింది. ఉల్లిపాయ వాసన. కత్తి అంచుకి అంటుకున్న తొక్క ముక్కని బొటనవేలితో మెల్లగా తుడిచేసి, సిర్రే ముఖం చూసి దగ్గరకొచ్చింది.

"ఇప్పుడు కాదు సిర్రే" అంది పెదవులు కదపకుండా. "రేడియోలో వెళ్తోంది. ఈ ఒక్క ఊరు పాడైతే మిగతా నాలుగూ జారిపోతాయి. ఆవిడతో రేపు నేను మాట్లాడతా, ఒట్టు. నువ్వు పాడు, చాలు."

మైకు చేతిలో పెట్టింది. డప్పులు మొదలయ్యాయి.

రేపు హాడీ జీపు పట్నంలో ఉంటుంది. ఇవాళ నోరు తెరిస్తే సాయంత్రానికి తన పెట్టె గుమ్మం బయట ఉంటుంది, అదీ సిర్రేకి తెలుసు. పిల్లని తనతో పంపుతారో లేదో మాత్రం తెలియదు. పుట్టింట్లో అన్న ఏమంటాడో తెలుసు. ముందు వరసలోంచి యాంకుబా పాడమన్నట్టు గడ్డం ఎగరేశాడు. మామ్మ ఒళ్ళో నిలబడి తిడా డప్పుకి తగ్గట్టు ఊగుతోంది. ఆ డప్పులు అప్పుడెంత గట్టిగా మోగాయో ఇప్పుడూ అంత గట్టిగానే మోగుతున్నాయి, ఇంకెవరి గొంతూ వినబడకుండా.

సిర్రే చెయ్యి పైకెత్తింది. డప్పులు తడబడి, ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆమె పళ్ళెంలోంచి కత్తి తీసుకుని, పిడి జనానికి కనబడేలా పట్టుకుంది. ఐదు ఊళ్ళలో పాడిన గొంతు మొదటిసారి మాట్లాడింది.

"ఈ కత్తి నాది. మీరు ఇప్పుడు తినబోయే అన్నంలోకి పొద్దున దీంతోనే ఉల్లిపాయలు కోశాను. మా అత్తమ్మ కత్తి ఇంట్లో ఉంది. దాని కోసం నా కూతురి నడుముకి పూసలు కట్టారు."