రాజగోపాల్ గారి మొదటి బీరు

ఐదు నెలలు తన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న అమ్మాయిని రాజగోపాల్ గారు గుర్తుపట్టలేదు. ధాత్రి మాత్రం షాపు తలుపు తోసుకుని ఆయన లోపలికి రాగానే గుర్తుపట్టింది. మేలు చేసినవాళ్ళ మొహాలైనా మరిచిపోతాం గానీ, కడుపు మండించినవాళ్ళ మొహాలు మరిచిపోతామా?

ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్ళకి సరుకులమ్మే దుకాణం అది. కాలేజీ లేని రోజుల్లో ధాత్రి అక్కడ కౌంటర్‌లో ఉంటుంది. నిరుడు ఆమె కెనడాలోని ఒషావాలో దిగేసరికి ఊరంతా స్టూడెంట్లే, పరుపు పట్టేంత చోటు దొరికినవాడిదే అదృష్టం. ఆమెకి రాజగోపాల్ గారి బేస్‌మెంట్ దొరికింది. జనవరిలో ఆయనింటికి చుట్టాలొచ్చారు. వంటింట్లో వాసనొస్తోందని, ఆమె క్లాసుకెళ్ళినప్పుడు ఆమె ఆవకాయ జాడీని రాజగోపాల్ గారు తీసుకెళ్ళి చెత్తలో పారేశారు. అది అమ్మమ్మ పెట్టిన ఆవకాయ. అడిగితే, టీవీ మీంచి చూపు తిప్పకుండా, "అందులో ఏముందమ్మా, మళ్ళీ తెప్పించుకో" అన్నారు. ఫిబ్రవరిలో అమ్మమ్మ పోయింది. ఇక ఎవరు పెడితే తెప్పించుకోవాలి?

"తెలుగమ్మాయివా? హమ్మయ్య," అన్నారు రాజగోపాల్ గారు. "తెల్లవాళ్ళని ఈ ప్రశ్నలు అడగాలంటే నామోషీగా ఉంది. లాంగ్ వీకెండ్‌కి నేను చేసిన బీరు పోస్తానని ఆఫీసులో అందరికీ చెప్పేశా. సెకండరీ ఫర్మెంటేషన్ అంటారు కదా, దానికి ఇంకో డబ్బాలోకి మార్చాలా?"

"మామూలు బీరుకి అక్కర్లేదు అంకుల్. బాగా పులిశాక కాస్త చక్కెర కలిపి సీసాల్లో పోసి మూత బిగిస్తే, లోపల మళ్ళీ కొంచెం పులుస్తుంది. నురగ దాంతోనే వస్తుంది."

"అయితే నాది రెడీ. మూడు రోజులు బుడబుడలాడి ఆగిపోయింది. ఇడ్లీ పిండి పులియడం మనకి తెలీదా ఏంటి? ఇంట్లోకి వాసన రాకూడదని గరాజ్‌లో పెట్టా."

మళ్ళీ వాసన. ఈ మనిషికి బతుకంతా ముక్కులోనే ఉన్నట్టుంది.

బయట మైనస్ ఎనిమిది. ఆయన బీరు పులిసి ఆగలేదు, చలికి ఆగింది. తీపి సగం అలాగే ఉంది. దానికి ఇంకాస్త చక్కెర తోడుచేసి, మూత బిగించి వెచ్చటి చోట పెడితే సీసాలు పేలిపోతాయి. ఇంట్లోకి తెచ్చి రెండు వారాలు ఆగండి అంటే చాలు. ఆ ముక్క ధాత్రి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అయిందో లేదో చూడ్డానికి ఈ మీటరుంది అంకుల్," అంది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వారు. "ఇడ్లీ పిండికి మీటరు పెడతామా?"

"మీ ఇష్టం."

"సీసాలు వెచ్చగా ఉండాలి కదా. బేస్‌మెంట్‌లో ఓ స్టూడెంట్ పిల్ల ఉంది, దాని మంచం కింద తోసేస్తా."

ఆ మంచం ధాత్రికి తెలుసు. గోడ వైపు కోడు పొట్టిది, కింద అట్టముక్క పెట్టింది తనే. ఆ పిల్ల ఎవరో, ఏ ఊరో తెలీదు. పగ ఆయన మీద గానీ ఆ పిల్ల మీద కాదు.

"మంచం కింద వద్దు," అంది గట్టిగా. "కొత్తవాళ్ళ సీసాలు ఒక్కోసారి పేలుతాయి. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి క్లిప్పులు బిగించండి. మనుషులు పడుకునే చోట పెట్టకండి. లాంగ్ వీకెండ్ దాకా ఆ డబ్బా ఎవ్వరూ ముట్టుకోకూడదు."

"అయితే మేడమీద బట్టల గదిలో పెడతా. వెచ్చగా ఉంటుంది."

"చాలా మంచిది," అంది ధాత్రి. ఆ రెండు మాటలూ ఎంత తియ్యగా ఉన్నాయో ఆమెకే తెలుసు.

లాంగ్ వీకెండ్ అయిన మంగళవారం ఆయన మళ్ళీ వచ్చారు. మొహం వాడిపోయి ఉంది. సరిగ్గా పార్టీ ముందురోజు సీసాలు పేలాయట. ఆయన భార్య సుగుణ గారి పట్టుచీరలు, ఆయన సూట్లు, కార్పెట్టు అన్నీ తడిసిపోయాయట. పార్టీకొచ్చి చలికోట్లు పెట్టడానికి పైకెళ్ళినవాళ్ళు ముక్కులు మూసుకుని దిగొచ్చారట.

"ఎవరికైనా తగిలిందా?" అని మొదట అడిగింది ధాత్రి.

"లేదు, గాజంతా డబ్బాలోనే ఉంది. ఒక్క సీసా మిగల్లేదమ్మా. ఆ కంపు పోవాలంటే ఏం చెయ్యాలి?"

ధాత్రి ఊపిరి పీల్చుకుంది. తర్వాత, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట తీసింది. "అందులో ఏముందంకుల్, మళ్ళీ పెట్టుకోండి."

ఆయన తలెత్తి మొదటిసారి ఆమెని సరిగ్గా చూశారు. "నువ్వు... మా బేస్‌మెంట్‌లో..."

"ధాత్రిని. మీరు పారేసిన జాడీ నాదే. గరాజ్‌లో చలికే ఆగిందని ఆ రోజే నాకు తెలుసు."

"తెలిసీ చెప్పలేదా?"

"జాడీ పారేసేముందు మీరు నన్నడిగారా?"

ఆయన ఏమీ కొనకుండానే వెళ్ళిపోయారు. ధాత్రికి కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, హాయిగా ఉంది. బస్సెక్కాక కూడా ఆ పట్టుచీరలు తలుచుకుంటే నవ్వు ఆగలేదు.

ఈ సంగతి వింటే పమిట నోట్లో కుక్కుకుని నవ్వే మనిషి ఒక్కతే. ధాత్రి ఫోను తీసి అమ్మమ్మ పేరు దాకా వెళ్ళింది. ఇల్లు చేరేదాకా దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది.