పదిహేనో ఫారం

నేను ఒక కంపోజింగ్ స్టిక్కుని. పేరు వినగానే తెల్లమొహం వేయకండి, చెబుతాను. జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు ఉండే ఇనుప పళ్ళేన్ని. ఒక పొడుగు గోడ, రెండు పొట్టి గోడలు, ముందువైపు ఖాళీ. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి నాలో నిలబెడితే మాటవుతుంది. మాటలు చేరి పంక్తి అవుతుంది. ఆరేడు పంక్తులు నిండగానే నన్ను ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెడతారు. కంప్యూటర్లు రాకముందు మీ తాతల పెళ్ళి శుభలేఖలూ, వాళ్ళు చదువుకున్న వాచకాలూ, వాళ్ళని తిట్టిన ఎన్నికల కరపత్రాలూ ఇలాగే పుట్టాయి. ఇప్పుడు ఒక కాలేజీ గ్రంథాలయంలో అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా ముందు పెట్టిన చీటీ మీద ‘పాతకాలపు కొలబద్ద’ అని ఉంది. చదువుకున్నవాళ్ళు రాశారు కాబట్టి నేనేమీ అనను.

మద్రాసులో పుట్టి బందరు చేరాను. నన్ను కొన్నది కరీం సాహెబు. కంపోజిటర్లకి ఎవరి స్టిక్కు వాళ్ళకే ఉండాలని పట్టుదల. ఒకరి అరచేతికి అలవాటుపడిన ఇనుము ఇంకొకరికి లొంగదంటారు. ముప్పై ఏళ్ళు నన్ను పట్టుకుని, చూపు ఆనక పని మానుకున్న రోజున, తన దగ్గర పని నేర్చుకున్న దావీదుకి నన్ను ఇచ్చాడు. "దీన్ని ఎవరికీ ఇయ్యమాకు బేటా. నాలుగు మెతుకులు పెడద్ది" అన్నాడు.

దావీదు చేతుల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. తెలుగు అక్షరాలంటే మాటలా? తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు కలిపి వందల గళ్ళ నిండా సీసం ముక్కలు. దావీదు కళ్ళు రాతప్రతి మీదే ఉండేవి. కుడిచెయ్యి మాత్రం గళ్ళ మీద తనంతట తాను తిరిగి, కావలసిన ముక్కని తెచ్చి నాలో నిలబెట్టేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. ఇనుముకి ఒళ్ళేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి.

మరో సంగతి. నాలో అక్షరాలు తిరగబడి ఉంటాయి, కాగితం మీద పడితేనే సరిగ్గా కనిపిస్తాయి. వాటిని తిరగబడినట్టే చదవడం కంపోజిటర్లకే పట్టుబడే విద్య. దాన్ని బయటివాళ్ళకి నేర్పకూడదని ఆ రోజుల్లో ప్రెస్సుల్లో కట్టడి ఉండేది. ప్రెస్సుల్లో ప్రశ్నపత్రాలు అచ్చవుతాయి మరి. దావీదు దాన్ని తన ప్రాణస్నేహితుడికి నేర్పాడు.

ఆ స్నేహితుడి పేరు పురుషోత్తం. మిషను హైస్కూల్లో ఇద్దరిదీ ఒకటే బెంచీ. పురుషోత్తం బాగా రాస్తాడు గానీ అతని గొలుసుకట్టు రాత చదవడం దేవుడి తరం కూడా కాదు, దావీదు ఒక్కడికే సాధ్యం. చదువు అయ్యాక దావీదు ప్రెస్సులో చేరాడు. పురుషోత్తం టీచరు ట్రైనింగు పరీక్షకి కట్టి లెక్కల్లో రెండుసార్లు పోయాడు. మధ్యాహ్నంపూట క్యారేజీ పట్టుకుని ప్రెస్సుకి వచ్చేవాడు. ఇద్దరూ తినేసి, శుభలేఖలు ముందు పెట్టుకుని తిరగబడిన అక్షరాలు చదివే ఆట ఆడేవాళ్ళు. మూడు నెలల్లో పురుషోత్తం గడగడా చదవసాగాడు. దావీదు అది చూసి మురిసిపోయాడు.

మూడోసారి పరీక్షకి లెక్కల ప్రశ్నపత్రం మా ప్రెస్సుకే వచ్చింది. దావీదు నన్ను బల్ల మీద పెట్టి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ కాస్త సేపట్లో పురుషోత్తం నా మీదికి వంగాడు. నాలో అప్పుడు నాలుగు లెక్కలున్నాయి. అతని ఊపిరి నాకు తగిలింది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

పరీక్ష రోజున హాలు వరండాలో ఒక చీటీ దొరికింది. మాటలు ఎవరికీ అర్థం కాలేదు గానీ అంకెలు అంకెలే కదా. అవి ప్రశ్నపత్రంలో లెక్కలేనని తేలి, చీటీ ప్రెస్సుకి వచ్చింది. యజమాని దాన్ని దావీదు ముందు పెట్టి, "ఈ రాత ఎవరిదిరా?" అని అడిగాడు. ప్రపంచంలో ఆ రాత చదవగలిగిన ఒకే ఒక్క మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గుమ్మం దగ్గర పురుషోత్తం క్యారేజీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. దావీదు ఒక్కసారి అటు చూశాడు. పురుషోత్తం తల దించుకున్నాడు.

"తెలవదండి" అన్నాడు దావీదు.

ఆ పత్రం కంపోజు చేసింది అతనే కాబట్టి ఆ పూటే పనిలోంచి తీసేశారు. నన్ను చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాడు. ఎండ మండిపోతోంది, నేను కాలిపోతున్నాను, అయినా అతను చెయ్యి మార్చుకోలేదు. ప్రశ్నపత్రం అమ్ముకున్నాడన్న పేరు పడ్డాక బందరులో ఏ ప్రెస్సూ అతన్ని గడప తొక్కనివ్వలేదు. రెండేళ్ళు గిలకలదిండి రేవులో మంచుగడ్డలు మోశాడు. నేను నూనెగుడ్డలో చుట్టుకుని ట్రంకుపెట్టెలో పడుకున్నాను. చివరికి నరహరిగారనే ఆయన జాలిపడి తన చిన్న ప్రెస్సులో క్యాలెండర్లూ కరపత్రాలూ చెయ్యమని పెట్టుకున్నాడు.

పురుషోత్తం ఆ పరీక్ష పాసయ్యాడు. మాస్టారయ్యాడు. వారపత్రికల్లో కథలు రాసి పేరు తెచ్చుకున్నాడు. దావీదు వీధిలో ఎదురుపడితే రోడ్డుకి అటువైపు ఏదో పని గుర్తొచ్చేది.

పదిహేనేళ్ళు గడిచాయి. ఒకరోజు పురుషోత్తం మూడు వందల కాగితాల కట్టతో మా ప్రెస్సు మెట్లెక్కాడు.

"నవల రాశాను దావీదూ. నా రాత ఎవరూ చదవలేకపోతున్నారు. నువ్వు తప్ప దిక్కు లేదు" అన్నాడు.

"ఇవ్వండి మాస్టారూ" అన్నాడు దావీదు. ఒకే బెంచీ మీద కూర్చున్న వాళ్ళ మధ్యకి ‘మాస్టారూ’, ‘మీరూ’ వచ్చి కూర్చున్నాయి.

చిన్న ప్రెస్సుల్లో పుస్తకం మొత్తానికీ చాలినన్ని అక్షరాలుండవు. పదహారు పేజీలకి ఒక ఫారం. ఒక ఫారం కంపోజు చేసి, అచ్చువేసి, ఆ అక్షరాలనే విప్పి మళ్ళీ గళ్ళలో పోసుకుంటేనే రెండో ఫారం మొదలయ్యేది. అంటే అచ్చయిన మాట అచ్చయినట్టే, వెనక్కి వెళ్ళి దిద్దడం బ్రహ్మతరం కాదు. రచయితలు కూడా ముందు ఫారాలు అచ్చవుతుండగా చివరి అధ్యాయాలు రాసుకుంటూ ఉండేవాళ్ళు. ఈయన కూడా ఆఖరి అధ్యాయం తర్వాత ఇస్తానన్నాడు.

నవల నాకు ఆరేసి పంక్తుల చొప్పున తెలిసింది. రెండో ఫారంలో ప్రెస్సులో పనిచేసే దానియేలు అనేవాడు వచ్చాడు. ఎడమ బొటనవేలి మీద మచ్చతో సహా వాడు దావీదే. అయిదో ఫారంలో దానియేలు ప్రశ్నపత్రం అమ్ముకున్నాడు. ఏడో ఫారంలో కథ చెప్పే కథానాయకుడు, పాపం, ప్రాణస్నేహితుడు చేసిన ద్రోహానికి కుమిలిపోయాడు. నాలో నిలబడిన అబద్ధం నా అంచుల్ని కోస్తున్నట్టుండేది. దావీదు కుడిచెయ్యి మాత్రం ఎప్పటిలాగే గళ్ళ మీద తిరిగింది. ఒక్క వత్తు తప్పు పడలేదు. కోపంతోనైనా చెయ్యి తడబడాలి కదా అని నేను చూస్తూనే ఉన్నాను.

నరహరిగారు ప్రూఫులు చదివి గాభరాపడ్డాడు. ఆ ఏడే స్కూళ్ళ ప్రశ్నపత్రాల పని తన ప్రెస్సుకి దొరికే అవకాశం వచ్చింది. దావీదు నమ్మకస్తుడని పై వాళ్ళకి తనే పూచీ ఇచ్చాడు.

"ఏవయ్యా, ఈ పుస్తకం బయటికొస్తే ఊళ్ళో నీ మొహం ఎవరు చూస్తారు? ప్రశ్నపత్రాల మీద నిన్నెట్టా కూర్చోబెట్టను? కట్ట వెనక్కిచ్చేద్దాం."

"ఇంకో ప్రెస్సులో వేయించుకుంటారండి. వాళ్ళకి ఆ రాత తెలీదు, అన్నీ తప్పులు పోతాయి" అన్నాడు దావీదు.

పురుషోత్తం రోజూ స్కూలు వదలగానే వచ్చి ప్రూఫులు చూసుకునేవాడు. చూసుకోవడమంటే, కాగితం మీద ఒక చూపు, దావీదు మొహం మీద పది చూపులు. దావీదు ఏమైనా అంటాడని ఎదురుచూసేవాడు. తిడతాడని భయమో, తిట్టడం లేదని భయమో నాకు తెలియదు. మనుషులు దెబ్బ కోసం వీపు చూపించి, దెబ్బ పడకపోతే నిద్రపోలేరు.

ఎనిమిదో ఫారంలో దానియేలుని ప్రెస్సులోంచి వెళ్ళగొట్టే ఘట్టం వచ్చింది. నవల మొదలయ్యాక దావీదు అక్కడే మొదటిసారి పని మధ్యలో నన్ను బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, ఇక్కడ వాన పడుతోందని రాశారు."

"అవును."

"ఆ రోజు ఎండండి. వాననే ఉంచమంటారా?"

పురుషోత్తం చేతిలో ప్రూఫు కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పాడు. "నవల కదా దావీదూ... ఉంచు" అన్నాడు.

"సరేనండి" అని దావీదు నన్ను తీసుకుని వాన కురిపించాడు.

పద్నాలుగు ఫారాలు అచ్చయ్యాయి. ఆఖరి అధ్యాయం రాలేదు. పది రోజులు చూశాం, మనిషే రాలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం పురుషోత్తం వచ్చాడు. గడ్డం పెరిగింది. చేతులు ఖాళీ.

"కథానాయకుడు దానియేలుని పెద్దమనసుతో క్షమించినట్టు రాద్దామని కూర్చున్నాను. కలం కదలడం లేదు. నేను చెప్తాను, కంపోజు చేసెయ్" అన్నాడు.

దావీదు నన్ను ఎడమచేతిలోకి తీసుకున్నాడు. పురుషోత్తం కళ్ళు మూసుకుని చెప్పసాగాడు. కథానాయకుడి నోట, ‘ఇంతవరకు నేను చెప్పింది అబద్ధం’ అని మొదలుపెట్టాడు. ప్రశ్నలు దానియేలు అమ్మలేదన్నాడు. అతను ప్రేమగా నేర్పిన విద్యతోనే తాను దొంగతనంగా చదివానన్నాడు. తన చీటీని తన కళ్ళ ముందే గుర్తుపట్టి కూడా అతను నోరు విప్పలేదన్నాడు. ఒక్కొక్క అక్షరం వచ్చి నాలో నిలబడుతుంటే, నా ఇనుము చాలదేమో, ఈ బరువుకి వంగిపోతానేమో అనిపించింది. అంత నిజాన్ని నేను అంతకుముందు ఎప్పుడూ మోయలేదు.

మధ్యలో పురుషోత్తం కళ్ళు తెరిచాడు. "దానియేలు తీసెయ్. దావీదు అని వెయ్."

"పద్నాలుగు ఫారాల్లో దానియేలనే పడింది మాస్టారూ. చదివేవాళ్ళు తికమకపడతారు" అన్నాడు దావీదు. తన పేరు కడిగే పంక్తుల్లో తన పేరు వద్దన్న మనిషిని చూసి నేను నిర్ఘాంతపోయాను.

చివరికొచ్చింది. ‘ఆ రోజు ఎండ మండిపోతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాను’ అన్నాడు పురుషోత్తం. ఆ పంక్తి నాలో పడింది. అతను గొంతు సవరించుకుని, "‘దానియేలు నన్ను క్షమించాడు.’ అంతే, సమాప్తం" అన్నాడు.

కుడిచెయ్యి గళ్ళ మీదికి వెళ్ళి ఆగిపోయింది. నా ఎరుకలో ఆ చెయ్యి గళ్ళ మీద ఆగడం అదే మొదలు.

"ఇది వెయ్యనండి."

"ఏం?"

"ఇంతవరకు మీరేం రాస్తే అది వేశాను. అవి మీ మాటలు. ఇది నా మాట. నేనింకా అనలేదు."

 పురుషోత్తం చాలా చిన్న గొంతుతో, "మరి ఎట్లా ముగించమంటావు?" అన్నాడు.

"గుమ్మం దగ్గర ఆపండి."

"అది ముగింపులా లేదు."

"లేదండి" అన్నాడు దావీదు. నన్ను ఖాళీ చేసి, ప్రూఫు తీసి అతని చేతికిచ్చాడు.

పుస్తకం వచ్చింది. పురుషోత్తం మొదటి ప్రతినీ రాజీనామా కాగితాన్నీ కలిపి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాడు. విమర్శకులు మాత్రం నవలని ఆకాశానికెత్తారు. ఎనిమిదో ఫారంలో వాన, ఆఖర్లో ఎండ ఉండటం అపూర్వమైన శిల్పమని ఒకాయన రెండు పేజీలు రాశాడు. బందరు వాళ్ళు శిల్పం గొడవకి పోలేదు, దానియేలెవరో, కథ చెప్పేవాడెవరో వాళ్ళకి తెలిసిపోయింది. నరహరిగారు ప్రశ్నపత్రాల గది తాళంచెవి తెచ్చి దావీదు ముందు పెట్టాడు.

ఆఖరి కట్ట తీసుకెళ్ళడానికి పురుషోత్తం వచ్చినప్పుడు దావీదు అన్నాళ్ళూ విప్పకుండా ఉంచిన పదిహేనో ఫారం విప్పి అక్షరాలు గళ్ళలో పోస్తున్నాడు. ఒప్పుకోలు మొత్తం విడిపోయి, క-లు క-లలోకి, ర-లు ర-లలోకి వెళ్ళిపోతున్నాయి. రేపు అవే ఎవరి పెళ్ళి కబురో మోస్తాయి.

"పుస్తకం అయిపోయింది దావీదూ. ఇక నాకిక్కడ పనేం లేదు" అన్నాడు పురుషోత్తం.

దావీదు తలెత్తలేదు. చేతిలో ఉన్న పిడికెడు అక్షరాలూ గళ్ళలోకి చేరేదాకా ఆగాడు.

"పని లేకపోయినా రా" అన్నాడు.

క్షమించానన్న మాట దావీదు ఆ తర్వాత ఎప్పుడైనా అన్నాడో లేదో నాకు తెలియదు. నేను ఇంకో పంతొమ్మిదేళ్ళు అతని చేతిలో ఉన్నాను, లక్షల మాటలు మోశాను, నాలో మాత్రం అది పడలేదు. మనుషుల్లో కొన్ని మాటలు అచ్చుకి అందవని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు మధ్యాహ్నం పురుషోత్తం వచ్చాడు. ఆ మర్నాడు కూడా వచ్చాడు.