తడా? పొడా?

అక్షరాలు నాకు మా ఆయన పోయాక, యాభై దాటాక వచ్చాయి. రాత నెమ్మది. గుణింతం తప్పితే మన్నించండి.

లేత నీలం కావాల్సిన గుడ్డ సిరాలో ముంచినట్టు తొట్టిలోంచి బయటికొచ్చింది. అద్దకం గది మేస్త్రీ తిన్నగా వెళ్లి, రంగులు కలిపే రంగులక్క మీద విరుచుకుపడ్డాడు.

"నీ కాలిక్యులేటర్ పిచ్చి కొంప ముంచింది! యజమానితో చెప్పేశా. రేపట్నుంచి ఉతుకుడు తొట్ల దగ్గరికి పో."

రంగులక్కకు ఒళ్లు మండిపోయింది. గుడ్డ బరువు కొడితే రంగు ఎన్ని గ్రాములో చెప్పేలా ఆ కాలిక్యులేటర్లో ప్రోగ్రామ్ రాసింది ఆవిడే. ఆరు నెలలు కిందా మీదా పడి రాసింది. అందులో ప్రశ్న గుర్తు పెట్టినచోట యంత్రం ఆగి అంకె అడుగుతుంది. ఆవిడ రెండు పెట్టింది. మొదటిది బరువెంతని. రెండోది గుడ్డ తడా, పొడా అని: తడికి ఒకటి, పొడికి సున్నా. తడి గుడ్డకైతే నీళ్ల బరువు తీసెయ్యాలిగా మరి.

"ఇలా ఇవ్వండి," అని మేస్త్రీ చేతిలోంచి కాలిక్యులేటర్ లాక్కుని, ప్రోగ్రామ్ తెరిచి ఒక్కో వరసా జరిపింది. ఒకటే ప్రశ్న గుర్తుంది.

"రెండోది ఏదీ?"

"అదా? మాటిమాటికీ ఆగి ప్రాణం తీస్తోందని పొద్దున తీసేశా."

"ఎవర్నడిగి?"

"నిన్నడగాలా? నిన్నగాక మొన్న అఆలు దిద్దావు!"

అంతలో యజమాని లోపలికొచ్చాడు. రంగులక్క అటు తిరిగింది.

"చూడండి బాబూ. అడగకపోతే ఇది పాత జవాబే పట్టుకుని కూర్చుంటుంది. నిన్న ఆఖర్న పొడి గుడ్డకి సున్నా కొట్టాను. ఇవాళ ఈయన తడి గుడ్డ తూచి పెట్టాడు. ఇది పొడిదే అనుకుంది."

నలభై కిలోలు కొట్టింది. యంత్రం ఎనిమిది వందల గ్రాములంది. సున్నా చెరిపి ఒకటి ఎక్కించి, మళ్లీ నలభై కొట్టింది. ఈసారి యంత్రం నాలుగు వందలంది.

యజమాని గడ్డం గోక్కున్నాడు. "సరేలే అక్కా, అయిందేదో అయింది. ఇద్దరూ సర్దుకోండి."

"ఇద్దరమేంటండీ? తప్పు నాదన్నప్పుడు ఒక్కదాన్నేగా! ఇప్పుడు ఇద్దరమయ్యామా? ఈయన నోటితో ఈయన చెప్పేదాకా రంగు డబ్బా మూత తియ్యను."

మేస్త్రీ నేలచూపులు చూశాడు. "నాదేలే," అని గొణిగాడు.

"గట్టిగా. తొట్ల దగ్గరున్నవాళ్లకి వినబడలేదు."

"నాదే తప్పు!"

రంగులక్క కాలిక్యులేటర్ అతని చేతిలో పెట్టింది. "తీసినవాళ్లే పెట్టాలి. చెబుతా, కొట్టండి."

మూడుసార్లు తప్పు కొట్టాడు. మూడుసార్లూ ఆవిడ మొత్తం చెరిపేసి, "మొదట్నుంచి," అంది.

నేను రంగులక్క తోడికోడల్ని, అప్పట్లో ఆ తొట్ల దగ్గరే పనిచేసేదాన్ని. అరవై ఏడేళ్లు. ఇప్పుడు పెద్దకూతురింట్లో, మేడమీద గదిలో ఉంటున్నాను.