పదకొండు తప్పుల పుస్తకాలు

ఆరిన బట్టలు మడతపెడుతుంటే ఆమెకు నడుము పట్టేసింది. "ఉన్న నోట్సు చూసి టైపు కొట్టడానికే ఇంత ఆయాసమా?" అన్నాడు భర్త, తన చొక్కా కోసం మడతల కుప్పను చెదరగొడుతూ.

ఉన్న నోట్సే. పంతొమ్మిదేళ్లుగా బడిలో లెక్కలు చెబుతూ, పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో, ఎందుకు చేస్తారో, ఏ మాట చెబితే వాళ్ల ముఖం విచ్చుకుంటుందో రాసుకున్న పదకొండు పుస్తకాలు. పిల్లల సందేహాలు తీర్చడానికి బడిలో కొత్తగా ఏఐ సహాయకుడిని పెట్టారు. ఒట్టి పాఠ్యపుస్తకం ఇస్తే అది పొడిపొడిగా జవాబిస్తోందట. ముందు ఆరో తరగతి నోట్సు టైపు చేసి దానికి అందించమన్నాడు లెక్కల విభాగం పెద్ద. "మాకు మీటింగులతోనే సరిపోతోందమ్మా. మీకైతే ఓపికెక్కువ."

ఓపిక! సెలవుల్లో ఆమె కంప్యూటరు ముందు కూర్చుంటే, "ఎలాగూ ఊరికే కూర్చున్నావుగా, ఈ బఠాణీలు ఒలిచెయ్" అని అత్తగారు పళ్లెం తెచ్చి ఒళ్లో పెట్టేది. ఒలుస్తూ కొట్టింది, కొడుతూ ఒలిచింది. ఒక పేజీ దగ్గర మాత్రం చేతులు ఆగిపోయాయి. 'ఈ పిల్లకు లెక్క రాక కాదు, అడగడానికి భయం. పక్కన కూర్చో.' పక్కన కూర్చోవడాన్ని ఏ ఫైల్లో పెట్టాలి? కాసేపు ఆలోచించి అదీ ఎక్కించింది. పోనీ, ఏ పిల్లకైనా పనికొస్తుందిలే అనుకుంది.

తల్లిదండ్రులను పిలిచి ఆ ఏఐ సహాయకుడిని చూపించిన రోజున ఒక అమ్మాయి భిన్నాల లెక్క అడిగింది. తెర మీంచి జవాబొచ్చింది: "కంగారేం లేదు. పైనున్న అంకెను కాసేపు వదిలెయ్. ముందు కిందున్నదాన్ని పలకరిద్దాం." హాలంతా చప్పట్లు. విభాగం పెద్ద లేచి దండం పెట్టాడు. "మా విభాగం పడ్డ శ్రమండీ ఇది!" ఆమె అప్పటికి వెనక వరుసలో కుర్చీలు చాలక మరిన్ని వేస్తోంది.

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి గట్టిగా అడిగింది. "టీచర్, ఇది అచ్చం మీలా మాట్లాడుతోందేంటి?"



అందరూ వెళ్లాక విభాగం పెద్ద, "ఏడో తరగతివి కూడా నెలాఖరుకి ఇచ్చేయండమ్మా" అన్నాడు.

"ఇస్తాను సార్. రాసింది నేనని అందులో వెయ్యండి. అది టైపు చేసినన్నాళ్లూ నా క్లాసులు మీరు తీసుకోండి."

"పిల్లల కోసం చేసేదానికి షరతులేంటమ్మా?" అని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

ఇంట్లో చెబితే భర్త నవ్వాడు. "ఆ పాటి పనికి పేరొకటా?"

"ఆ పాటి పనే అయితే," అందామె, "ఇంట్లో మీరూ బడిలో వాళ్లూ అందరూ నన్నే ఎందుకు చేయమంటున్నారు?"

మర్నాడామె ఏడో తరగతి పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేసుకుని పాఠం చెప్పడానికి వెళ్లింది.