కొంగున కట్టిన తారీకులు

ప్రతి నెలా నాలుగో తారీకున, దీపాలు పెట్టే వేళకి అసిరమ్మ గుమ్మంలో కూర్చుని చీర కొంగున రెండు ముళ్ళు వేసేది. ఒకటి ఐదో తారీకు, రెండోది ఆరో తారీకు. ముడి పడిన తారీకు ఆ ఇంటికి వచ్చేది కాదు. కొడుకు నీలకంఠం, కోడలు కుసుమకుమారి, ఆవిడా నాలుగు రాత్రి పడుకుంటే ఏడు పొద్దున్నే లేవడం. ఆ రెండు రోజులూ పాలవాడు ఆ గుమ్మం దాటేసి పక్కింటికి వెళ్ళేవాడు. గాజువాకలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నీలకంఠం స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టరు గురునాథరావు కింద వెల్డరు. జీతం ఏడున. మోటార్‌సైకిలు అప్పిచ్చిన ఫైనాన్సు వాళ్ళు ముందే సంతకాలు పెట్టించుకున్న చెక్కుల్లో ఒకటి ప్రతి ఐదున బ్యాంకులో వేసేవారు. తారీకు మార్చమంటే కుదరదన్నారు. చెక్కు తిరిగొస్తే బ్యాంకుదో జరిమానా, ఫైనాన్సు వాళ్ళదో జరిమానా. దానికన్నా రెండు రోజుల కూలీ పోవడమే నయం. ఆ లెక్క అతను చాలాసార్లు వేసి చూశాడు, ప్రతిసారీ అమ్మ మాటే నెగ్గింది.

బ్యాంకు గుమాస్తా ఉమాశంకర్‌కీ పేచీ లేదు. "వాళ్ళింటికి ఇంకా ఐదు రాలేదండీ," అని మేనేజరుతో చెప్పి చెక్కు పక్కన పెట్టేవాడు. పాత ముళ్ళు విప్పకపోవడంతో కొంగు బరువెక్కి, అసిరమ్మ నడుం ఎడమ పక్కకి ఒరిగింది.

నీలకంఠం ఆశంతా ఆర్ కార్డు మీద. ప్లాంటుకి భూమి పోయినవాళ్ళకి ఇంటికో ఉద్యోగమని ఇచ్చిన కార్డు అది. పిలుపు కోసం చూసి చూసి నలభై దగ్గర పడింది. ఈ డిసెంబరు దాటితే వయసు మించిపోతుంది.

నవంబరు ఏడున పొద్దున్నే మిఠాయి పొట్లంతో తవిటయ్య వచ్చాడు. అతనిదీ ఆర్ కార్డే.

"నిన్న ఏటైపోనావు బావా?"

"నిన్నేటి? నాకు నిన్న నాలుగే కదా."

"మన కార్డోళ్ళకి నిన్న ఇంటర్వూ అయిపోనాది. పిలుపు ఐదునే వచ్చింది. నీది పట్టుకుని పోస్టుమేన్ రెండుసార్లు తిరిగాడంట. నానూ వచ్చి తలుపు బాదాను. బయట ఎండ మాడిపోతంది, మీ తలుపు మాత్రం రాత్రిలాగ సల్లగుంది."

"మళ్ళీ ఎప్పుడంట?"

"ఇదే ఆఖరంట బావా. సాయంత్రానికే పేర్లు సదివేసారు." తవిటయ్య చేతిలో పొట్లం ఎక్కడ పెట్టాలో తెలీక గుమ్మం మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అసిరమ్మ అంతా విన్నది. "ఏడవకొరే. ఆరో తారీకు నా కొంగునే ఉంది. ఇప్పేత్తాను, ఎల్లు."

పళ్ళతో ముడి లాగి విప్పింది. గదిలో వెలుతురు పలచబడి, నిన్నటి పొద్దు వచ్చింది. నీలకంఠం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాగితాల సంచీ పట్టుకుని గుమ్మం దాటాడు. వీధిలో ఏడో తారీకే. టీకొట్టు దగ్గర జనం తవిటయ్య పంచిన మిఠాయి తింటున్నారు. వెనక్కి గదిలోకి వస్తే ఆరు. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. ఆఖరికి చొక్కా నలగకుండా మంచం అంచున కూర్చున్నాడు. ఇంటర్వ్యూ వేళ ఆ గదిలోకి వచ్చి, కాసేపుండి, వెళ్ళిపోయింది.

"ఓ ముద్ద తిను మావా," అంది కుసుమకుమారి. అసిరమ్మ కొంగు కప్పుకుని గోడవైపు తిరిగింది.

మధ్యాహ్నం మళ్ళీ ఏడో తారీకులోకి వచ్చి, జీతం తీసుకుని బ్యాంకుకి వెళ్ళాడు. డబ్బు కడుతుంటే ఉమాశంకర్ తల ఎత్తాడు.

"ఈసారి మీ ఇంటికి ఆరు వచ్చిందటండీ?"

"వచ్చింది."

"ఆరు వస్తే ఐదు దాటినట్టే కదండీ, దాంతోపాటు చెక్కూ వచ్చేసింది. అకౌంటులో ఏమీ లేదు. తిప్పి పంపేశాను."

నీలకంఠం కౌంటరు అంచు పట్టుకున్నాడు. "ఆ తారీకు మా గది దాటి రాలేదు బాబూ. ఎందుకూ పనికిరాలేదు. దానికీ జరిమానాయేనా?"

"తారీకు వస్తే చాలండీ," అన్నాడు ఉమాశంకర్, జీతంలోంచి జరిమానా కోసుకుని మిగతాది జమ రాస్తూ.